మిర్చి ఘాటు మెదడులోనే ఉందా?

కేసముద్రం మార్కెట్ యార్డులో మిర్చి బస్తా విప్పితే కొత్తవాడికి దగ్గు ఆగదు, కళ్ల వెంట నీళ్లు ధారకడతాయి. ఏళ్లుగా అవే బస్తాలు మోస్తున్న హమాలీ పక్కనే నిలబడి తాపీగా బీడీ వెలిగిస్తాడు. ఈ తేడా ఎక్కడ రాసి ఉంది?

తలలోనేనని మన సినిమాల నమ్మకం. 1988లో ‘యముడికి మొగుడు’లో చిరంజీవి ఆత్మ వేరే ఒంట్లోకి మారింది. 2019 నాటి ‘ఇస్మార్ట్ శంకర్’లో ఆత్మకు బదులు చిప్ వచ్చింది, పోలీసు జ్ఞాపకాలను కిరాయి హంతకుడి తలకెక్కించారు. రెంటిలోనూ ఒళ్లంటే చొక్కాయే.

మెదడును కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామనేవాళ్లదీ ఇదే లెక్క. ఈగ మెదడులోని సుమారు 1.39 లక్షల నాడీకణాల అల్లిక పటం 2024లో పూర్తయింది. మనిషికున్నవి దాదాపు 8,600 కోట్లు. సరే, అదీ ఎప్పటికో గీశారనుకుందాం. కానీ 302 నాడీకణాలే ఉన్న ఒక చిన్న పురుగు పటం 1986 నుంచీ చేతిలో ఉంది. అది తర్వాతి క్షణం ఎటు మెలికపడుతుందో పటం చూసి చెప్పలేకపోతున్నారు.

ఇక మిర్చి సంగతి. అందులోని క్యాప్సైసిన్ నరాల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్‌ను తెరుస్తుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునేదీ అదే. అందుకే కారం మనకు ‘మంట’. 1997లో దీన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ దక్కింది. క్యాప్సైసిన్ పదే పదే తగిలితే ఆ కొసలు మొద్దుబారతాయి. నొప్పికి పూసే కొన్ని మందులు పనిచేసేది ఈ కిటుకుతోనే. హమాలీ నిబ్బరంలో మెదడుకైన అలవాటూ కొంత ఉంటుంది, కాదనను. కానీ ఇన్నేళ్ల యార్డు బతుకులో కొంత అతని ముక్కులో, గొంతులో, అరచేతుల్లో చేరి ఉంది. పుర్రె వరకే నకలు తీస్తే ఆ వాటా రాదు.

ఒళ్లు కూడా నకలు తీస్తామంటారా? అప్పుడు మిర్చి ధూళినీ, బస్తా బరువునూ, ఎండనూ కూడా తీసుకెళ్లాలి.

అయితే మెదడుకు ఈ ఒళ్లే కావాలన్న పంతమూ లేదు. 1998లో ఒక ప్రయోగంలో మనిషి చేతిని తెర వెనక దాచి, కళ్లెదుట రబ్బరు చెయ్యి పెట్టి, రెంటినీ ఒకేసారి కుంచెతో నిమిరారు. కాసేపటికే రబ్బరు చెయ్యి ‘నాది’ అనిపించింది. తర్వాత ఇలాంటి ప్రయోగంలోనే రబ్బరు వేలిని వెనక్కి విరిస్తే, చెమట పట్టింది మాత్రం అసలు చర్మానికి.