ఎవర్టన్ ఇల్లు కట్టి చూసింది: ఒక కొత్త స్టేడియం, ఎనిమిది పాయింట్లు, మునిగేదాకా వచ్చిన క్లబ్

మొన్న మా తమ్ముడు ఒక ప్రశ్న అడిగాడు. "అన్నా, ఒక్కో ప్లేయర్‌ని నాలుగైదు వందల కోట్లు పెట్టి కొనే క్లబ్బులు స్టేడియం కట్టాలంటే మాత్రం ఎందుకంత కిందా మీదా పడతాయి?" ఈ ఎపిసోడ్ వాడికి జవాబు. దానికి ఒక్క క్లబ్ కథ చాలు. ఎవర్టన్.

ముందే చెప్పేస్తా, ఈ విషయంలో నేను న్యూట్రల్ కాదు. మాదాపూర్‌లో పీజీలో ఉన్నప్పుడు నా రూమ్మేట్ లివర్‌పూల్ ఫ్యాన్. వాడిని ఏడిపించడానికి అదే ఊళ్లో ఉన్న రెండో క్లబ్‌ని పట్టుకున్నా. సరదాకి మొదలుపెట్టింది, తర్వాత వదల్లేకపోయా. నైట్ షిఫ్ట్‌లో లాప్‌టాప్ మీద సర్వర్ అలర్టులు, ఫోన్‌లో ఎవర్టన్ మ్యాచ్. రెండిట్లో ఏది ఎక్కువ టెన్షనో ఇప్పటికీ చెప్పలేను.

ఈ కథ మొదలయ్యిందే అద్దె గొడవతో. ఎవర్టన్ 1878లో పుట్టింది. ఇప్పుడు లివర్‌పూల్ ఆడే యాన్‌ఫీల్డ్ ఉంది కదా, అందులో ముందు ఆడింది ఎవర్టనే. గ్రౌండ్ ఓనర్ జాన్ హోల్డింగ్‌తో అద్దె దగ్గర చెడింది. 1892లో ఎవర్టన్ వాళ్లు సామాను సర్దుకుని పార్కు అవతలికి వెళ్లి గుడిసన్ పార్క్ కట్టుకున్నారు. ఖాళీ అయిన గ్రౌండ్‌ని ఏం చేయాలో తెలీక హోల్డింగ్ ఇంకో క్లబ్ పెట్టాడు. దాని పేరు లివర్‌పూల్ ఎఫ్‌సీ. అంటే కిరాయిదారు ఖాళీ చేస్తే ఓనర్ పెట్టుకున్న టీమ్ అన్నమాట. ఈ మాట రూమ్మేట్‌కి కనీసం వందసార్లు చెప్పి ఉంటా.

ఫుట్‌బాల్ కోసమే కట్టిన గ్రౌండ్లలో ప్రపంచంలోనే మొదటివాటిలో గుడిసన్ ఒకటి. 39 వేల మంది పట్టేవారు. చూడ్డానికి భలే ఉంటుంది, ఒక మూల చర్చి, చుట్టూ ఇళ్లు. సమస్య కూడా అదే. చుట్టూ ఇళ్లు, మూల చర్చి, ఇంక పెంచడానికి చోటెక్కడ? కొన్ని సీట్ల ముందు స్తంభాలు అడ్డం. టికెట్ కొన్నోడు గోల్ చూడాలంటే మెడ పక్కకి వంచాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. సులువుగా ఉండటానికి పౌండ్ అంటే వంద రూపాయలు అనుకోండి, నిజానికి అంతకన్నా ఎక్కువే. పెద్ద క్లబ్‌కి ఆదాయం మూడు దారుల్లో వస్తుంది: టీవీ, స్పాన్సర్లు, మ్యాచ్ రోజు వసూళ్లు. టీవీ డబ్బు లీగ్ పంచుతుంది, మీ చేతిలో లేదు. స్పాన్సర్లు గెలిచేవాళ్ల దగ్గరికే పోతారు. ఇక మ్యాచ్ రోజు వసూళ్లు, అంటే టికెట్లు, తిండి, ఖరీదైన హాస్పిటాలిటీ సీట్లు. ఇది గ్రౌండ్‌ని బట్టి ఉంటుంది. గుడిసన్‌లో ఎవర్టన్‌కి ఏడాదికి 2 కోట్ల పౌండ్లు కూడా రాని పరిస్థితి. 2019లో కొత్త స్టేడియంలోకి వెళ్లిన టాటెన్‌హామ్‌కి అదే లెక్కన 10 కోట్లు దాటి వస్తున్నాయి. ఒకే లీగ్, ఒకే ఆట, ఐదు రెట్లు తేడా. ఈ తేడాతో ప్లేయర్ల జీతాలు ఎలా పోటీ పడి ఇస్తారు?

ఇది ఎవర్టన్‌కి తెలీక కాదు. కింగ్స్ డాక్ అని నది ఒడ్డున అద్భుతమైన స్థలం దొరికింది, తమ వాటా 3 కోట్ల పౌండ్లు సర్దలేక 2003లో ఆ ప్లాన్ పోయింది. ఈ 3 కోట్లు గుర్తుపెట్టుకోండి. తర్వాత టెస్కో సూపర్‌మార్కెట్‌తో కలిసి ఊరి బయట కిర్క్‌బీలో కడతామన్నారు. ఊరు దాటి రామని ఫ్యాన్సే సగం మంది ఎదురు తిరిగారు, 2009లో ప్రభుత్వం కూడా వద్దంది. ఇంకో పార్కు ప్లాన్ 2016లో ఆగిపోయింది.

అదే 2016లో ఫర్హాద్ మొషీరి వచ్చాడు. ఇరాన్‌లో పుట్టిన బ్రిటిష్ వ్యాపారి, లెక్కల మనిషి, చార్టర్డ్ అకౌంటెంట్. విచిత్రం ఏంటంటే, తర్వాత జరిగిందంతా అకౌంటెంట్ చేసే పనిలా ఉండదు. కొన్నేళ్లలో ప్లేయర్ల మీదే 50 కోట్ల పౌండ్లకి పైగా పోశారు. 2017లో ఒకే పొజిషన్‌లో ఆడే ముగ్గుర్ని ఒకే సమ్మర్‌లో తెచ్చారు. మొషీరి కాలంలో ఏడుగురు మేనేజర్లు మారారు. తీసేసిన ప్రతివాడికీ కాంట్రాక్ట్ ప్రకారం డబ్బు కట్టి పంపాలి. 2018-19 నుంచి నాలుగు సీజన్ల నష్టాలు కలిపితే 41 కోట్ల పౌండ్ల పైనే. అందులో కరోనా వాటా ఉంది, కానీ మొత్తం కరోనా మీద తోసేస్తే కుదరదు.

ఇదంతా జరుగుతుండగానే బ్రామ్లీ-మూర్ డాక్‌లో స్టేడియం మొదలుపెట్టారు. 1848లో తెరిచిన పాత ఓడల రేవు. 2021లో అనుమతి వచ్చింది, పని మొదలైంది. సముద్రం అడుగు నుంచి తోడిన ఇసుక, దాదాపు 5 లక్షల ఘనపు మీటర్లు, పోసి రేవుని పూడ్చారు. అదే ఏడాది యునెస్కో, లివర్‌పూల్‌ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. కారణాల్లో ఈ స్టేడియం కూడా ఒకటి. మొదట్లో 50 కోట్ల పౌండ్లు అవుతుందన్నారు, చివరికి 75 కోట్లు దాటింది.

ఇక్కడ మా ఇంటి విషయం ఒకటి చెప్పాలి. మా నాన్న ఒక అండర్ కన్‌స్ట్రక్షన్ ఫ్లాట్ బుక్ చేశాడు. బిల్డర్ రెండేళ్లన్నాడు, నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లు ఒక పక్క ఇంటి అద్దె, ఇంకో పక్క బ్యాంకుకి వడ్డీ. ఫ్లాట్ తీసుకోవడం తప్పు కాదు. కానీ ఆ టైంలో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా అందరం లెక్కలు వేసుకునేవాళ్లం. ఎవర్టన్ పరిస్థితి అచ్చం ఇదే. కొత్త గ్రౌండ్ ఖర్చు ఈరోజు, ఆదాయం ఐదేళ్ల తర్వాత. మధ్యలో ఏ తప్పు చేసినా దాని మీద వడ్డీ పడుతుంది.

జ్వరం 2022 మార్చిలో వచ్చింది. మొషీరికి పాత వ్యాపార భాగస్వామి అలీషేర్ ఉస్మానోవ్, ఉజ్బెకిస్తాన్‌లో పుట్టిన రష్యన్ కుబేరుడు. అతని కంపెనీ ఎవర్టన్ స్పాన్సర్. కొత్త స్టేడియానికి పేరు పెట్టే హక్కు మొదట మాకే అడగాలి అని రిజర్వ్ చేసుకోవడానికే 3 కోట్ల పౌండ్లు ఇచ్చింది. అవును, కింగ్స్ డాక్‌లో సర్దలేకపోయిన అదే 3 కోట్లు! యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఉస్మానోవ్ మీద ఆంక్షలు పడ్డాయి, స్పాన్సర్ డబ్బు ఆగిపోయింది. స్టేడియం మాత్రం సగంలో ఉంది. క్రేన్లు ఆపితే ఇంకా నష్టం.

తర్వాత గోరుచుట్టు మీద రోకటిపోటు. ప్రీమియర్ లీగ్‌లో అప్పుడు ఒక రూల్ ఉండేది. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్ల కన్నా ఎక్కువ నష్టం చూపించకూడదు. స్టేడియం, అకాడమీ, మహిళల టీమ్ ఖర్చులు ఇందులో లెక్కకి రావు. మంచి రూలే, క్లబ్బులు గ్రౌండ్లు కట్టుకోవాలనే పెట్టారు. ఎవర్టన్ వాదన ఏంటంటే, మేం కట్టే వడ్డీ స్టేడియం వల్లే వచ్చింది, దాన్ని కూడా తీసేయండి అని. కమిషన్ ఒప్పుకోలేదు. ఆ అప్పులు తెచ్చింది స్టేడియం కోసం కాదు, క్లబ్ నడపడానికి అని తేల్చింది. నష్టం 12.45 కోట్లు, అంటే లిమిట్ కన్నా 1.95 కోట్లు ఎక్కువ. 2023 నవంబర్‌లో 10 పాయింట్లు కోశారు. ప్రీమియర్ లీగ్ చరిత్రలో అప్పటిదాకా అంత పెద్ద కోత లేదు.

కోడ్ రాసినవాడిగా నాకు ఇది అర్థమైంది. ఒకే అకౌంట్‌లో డబ్బులన్నీ కలిపేసి, తర్వాత ఈ రూపాయి దేనికి ఖర్చయ్యిందో చెప్పమంటే లాగ్స్ లేని సిస్టమ్‌లో బగ్ వెతికినట్టే. మనకి తెలుసు, కానీ నిరూపించలేం. అయినా ఫ్యాన్‌గా కోపం రాకుండా ఉండదు. లెక్క రాసినవాళ్లకి ఏమీ కాలేదు, గ్రౌండ్‌లో పరిగెత్తినవాళ్ల పాయింట్లు పోయాయి. అప్పీల్‌లో 10 కాస్తా 6 అయింది. ఏప్రిల్‌లో ఇంకో కేసులో మరో 2. మొత్తం 8 పోయినా షాన్ డైచ్ టీమ్ ఆ సీజన్‌ని 40 పాయింట్లతో 15వ స్థానంలో ముగించింది. ఆ టైంలో దిగువ లీగ్‌లోకి పడిపోయి ఉంటే టీవీ డబ్బు కుప్పకూలేది, సగం కట్టిన స్టేడియానికి ఎవరు అప్పిస్తారు? ఆ ప్రమాదం గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

మొషీరి అమ్మేసి పోదామనుకున్నాడు. 2023 సెప్టెంబర్‌లో 777 పార్ట్‌నర్స్ అనే మయామీ కంపెనీతో ఒప్పందం కుదిరింది. డీల్ పూర్తి కాకముందే వాళ్లు క్లబ్‌కి దాదాపు 20 కోట్ల పౌండ్లు అప్పిచ్చారు. ఈలోపు వాళ్లే మునగడం మొదలైంది, అప్పిచ్చిన సంస్థ ఒకటి కోర్టుకి వెళ్లింది, 2024 జూన్‌లో డీల్ పోయింది. తర్వాత ఇటలీ రోమా క్లబ్ ఓనర్లు ఫ్రీడ్‌కిన్ గ్రూప్ వచ్చారు. ఒకసారి పుస్తకాలు చూసి వెనక్కి వెళ్లారు, మళ్లీ వచ్చి 2024 డిసెంబర్ 19న కొనేశారు. టెక్సాస్‌లో టొయోటా కార్ల పంపిణీ వ్యాపారం వాళ్లది. వచ్చీ రాగానే ఖరీదైన అప్పులు తీర్చే పని పెట్టుకున్నారు.

తమ్ముడి ప్రశ్నకి నా జవాబు ఇక్కడుంది. ఎవర్టన్‌ని ముంచబోయింది స్టేడియం కాదు, ఆలోచన లేకుండా కొన్న ప్లేయర్లు. స్టేడియం ఆ తప్పులకి టైం లేకుండా చేసింది. కానీ అంత అప్పుల్లో ఉన్న క్లబ్‌ని ఒకరు వచ్చి కొన్నారంటే, నా ఉద్దేశంలో, నది ఒడ్డున దాదాపు పూర్తయిన ఆ 52 వేల పైచిలుకు సీట్లే పెద్ద కారణం.

ఇంకో విషయం. 2026-27 నుంచి ప్రీమియర్ లీగ్ రూల్ మారుతోంది. ఇకమీద టీమ్ మీద పెట్టే ఖర్చు, ఆదాయంలో 85 శాతం దాటకూడదు. అంటే నష్టం ఎంత అని కాదు, సంపాదన ఎంత అన్నదే లెక్క. నిండిన ప్రతి సీటూ నేరుగా జీతాల లిమిట్‌ని పెంచుతుంది. గుడిసన్‌లోనే ఉండి ఉంటే ఎవర్టన్ పని ఇంకా కష్టమయ్యేది.

మన దగ్గరికి వస్తే, హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తుందా? 2021-22లో ఐఎస్ఎల్ ఛాంపియన్లు. రెండేళ్లు తిరక్కుండా జీతాల బకాయిలు, ప్లేయర్లు వెళ్లిపోవడం, ఆఖరి స్థానం. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారింది. ఆడిన గచ్చిబౌలి గ్రౌండ్ ప్రభుత్వానిది, ఇక్కడే ఉంది. సర్దుకుని వెళ్లడానికి క్లబ్‌కి ఇక్కడ సొంత ఇటుక ఒక్కటీ లేదు. ఎవర్టన్ ఓనర్లు ఎంత మారినా ఆ రేవుని ఎత్తుకుపోలేరు.

2025 మే 18న గుడిసన్‌లో మెన్స్ టీమ్ ఆఖరి మ్యాచ్ అయింది. కూల్చేద్దామనుకున్న గ్రౌండ్‌ని ఇప్పుడు మహిళల టీమ్‌కి ఇచ్చారు, నాకు ఈ నిర్ణయం భలే నచ్చింది. కొత్తదానికి లివర్‌పూల్‌కే చెందిన హిల్ డికిన్సన్ అనే లా ఫర్మ్ పేరు పెట్టారు. అన్ని కేసులు నడిచిన క్లబ్‌కి లాయర్ల పేరు, సరిపోయింది. ఆగస్టు 24న అక్కడ మొదటి లీగ్ మ్యాచ్, బ్రైటన్ మీద 2-0. మొదటి గోల్ ఇలిమాన్ ఎన్‌డియాయే.

ఆ గోల్ పడ్డ నిమిషానికి రూమ్మేట్ నుంచి మెసేజ్. "గృహప్రవేశం శుభాకాంక్షలు రా. పాలు పొంగించారా?" పొంగించాం రా అని పెట్టా. పాత ఇంటి అడ్వాన్స్ మాత్రం 1892 నుంచి మీ ఓనర్ దగ్గరే ఉండిపోయింది, వడ్డీతో పంపించు అని కూడా పెట్టా. ఇంకా రిప్లై రాలేదు.