ఆజ్ఞ – సమాధానం: సందేశ వ్యవస్థపై కంప్యూటర్ల సమష్టి కృషి

ఒంటి మార్గంపై రైలును తరువాతి స్టేషనుకు పంపవలెనన్న, స్టేషన్ మాస్టరు ముందుగా అవతలి స్టేషనును ‘లైన్ క్లియర్’ అడగవలసి ఉంటుంది. సమాధానం రానప్పుడు మార్గం ఖాళీగానే ఉన్నదని ఊహించి బండిని వదిలే అధికారం ఆయనకు లేదు. దూరదూరాన ఉన్న కంప్యూటర్లచేత ఒకే పని చేయించడానికి కూడా ఇట్టి నియమావళియే కావాలి. దీనిని ప్రోటోకాల్ అంటారు.

ఒక పెద్ద గణనను చిన్న భాగాలుగా విభజించి, అనేక కంప్యూటర్లకు పంచి, ఫలితాలను తిరిగి ఒకచోట కూర్చడం నేడు సాధారణమైనది. 1999 మే నెలలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రారంభించిన ‘సెటి ఎట్ హోమ్’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 2020 మార్చి వరకు అది లక్షలాది గృహ కంప్యూటర్లకు పని పంచిపెట్టినది. అందులో ప్రతి కంప్యూటరూ తానే వెళ్ళి సర్వరును పని అడిగేది. తక్షణ సందేశ వ్యవస్థలో అయితే కంప్యూటరుకు, సర్వరుకు మధ్య సంబంధం తెరచియే ఉంటుంది. కనుక ఆజ్ఞ వెంటనే చేరుతుంది. ఎవరు అందుబాటులో ఉన్నారో కూడా తెలుస్తుంది.

ఇట్టి వ్యవస్థలలో ముఖ్యమైనది, 1999 జనవరిలో జెరెమీ మిల్లర్ ప్రకటించిన ‘జాబర్’. దీని నియమావళి 2004లో ‘ఎక్స్.ఎమ్.పి.పి.’ అనే పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైనది. ఇందులో మూడు విధాల వర్తమానాలు ఉన్నాయి: ఉత్తరం వంటి సందేశం, హాజరు ప్రకటన, ప్రశ్న. ప్రశ్న పంపినప్పుడు దానికొక గుర్తింపు సంఖ్య ఉంటుంది. గ్రహీత అదే సంఖ్యతో ఫలితాన్ని గాని, దోషాన్ని గాని తప్పక తెలపాలి.

ఆజ్ఞలను ఏ రూపంలో పంపాలి? ఉత్తరంగా పంపడం సులభమే. కాని గ్రహీత లేని సమయంలో సర్వరు ఉత్తరాన్ని దాచి, తరువాత అందజేయవచ్చు. నిన్న పంపిన ‘పాత ఫలితాలను తుడిచివేయుము’ అనే ఆజ్ఞ నేడు చేరితే, నేటి ఫలితాలే నశించవచ్చు. ప్రశ్నరూపంలో పంపిన ఆజ్ఞ అట్లు నిలువ ఉండదు. నిర్దేశించిన యంత్రం లేకపోతే సర్వరు వెంటనే దోషాన్ని తెలుపుతుంది. అందువలన ఆజ్ఞకు ప్రశ్నరూపమే యోగ్యమైనది.

అయినను ఒక చిక్కు మిగులుతుంది. పని పూర్తయి, సమాధానం మాత్రమే దారిలో పోయినచో? పంపినవారికి పని జరిగినదో లేదో తెలియదు. మరల ఆజ్ఞాపిస్తే అదే పని రెండుసార్లు జరగవచ్చు. ఒక మొత్తాన్ని రెండుసార్లు కూడితే లెక్క అంతా తప్పుతుంది. కాబట్టి ప్రతి పనికీ మారని సంఖ్య నిచ్చి, ఆజ్ఞను తిరిగి పంపినప్పుడు కూడా దానినే వాడాలి. గ్రహీత పూర్తయిన పనుల పట్టిక ఉంచుకొని, అదే సంఖ్య మరల వస్తే పని చేయక పాత ఫలితాన్నే తిరిగి పంపాలి.

మరి రెండు జాగ్రత్తలు అవసరం. సందేశ సర్వర్లు భారీ సమాచారం మోయడానికి ఉద్దేశించినవి కావు. ఆజ్ఞలో సమాచారం దొరికే చోటును మాత్రమే తెలిపి, దానిని వేరు మార్గాన తెప్పించుకోవాలి. రెండవది అధికారం. పరుల కంప్యూటర్లను రహస్యంగా వశపరచుకొన్న నేరస్థులు కూడా వాటికి సందేశ వ్యవస్థల ద్వారానే ఆజ్ఞలు పంపిన సందర్భాలు ఉన్నాయి. అందువలన ఏ కంప్యూటరు కూడా ముందుగా అంగీకరించిన ఆజ్ఞలను తప్ప వేరొకటి పాటించరాదు. ఆజ్ఞాపించిన వారికి ఆ అధికారం ఉన్నదో లేదో ప్రతిసారి పరిశీలించాలి.

వేర్వేరు సంస్థలు నిర్మించిన, వేర్వేరు దేశాలలో ఉన్న యంత్రాలు కలిసి పనిచేయడానికి అవి ఒకే రకానివి కానవసరం లేదు. ఎవరు ఆజ్ఞాపించవచ్చునో, దేనికి సమాధానం ఇవ్వాలో, సమాధానం రానప్పుడు ఏమి చేయాలో ముందుగా ఒప్పుకొని ఉంటే చాలును.