దీపమేల తగ్గెను?

ఇంటిలోనికి దొంగ చొచ్చినచో ఇరుగుపొరుగువారిని కేకవేయుదుము. ఆ దొంగయే ఇంటి యజమానుడై, మన ప్రక్క పీటమీద కూర్చుండి భుజించువాడైనచో ఇల్లాలు ఎవరిని పిలువగలదు? 1940లో ఇంగ్లండున వెలువడిన ‘గ్యాస్‌లైట్’ అను చలనచిత్రము ఈ ప్రశ్ననే మన ముందుంచుచున్నది. పాట్రిక్ హామిల్టన్ రచించిన 1938 నాటి నాటకము దీనికి మూలము. థొరాల్డ్ డికిన్‌సన్ దర్శకుడు. ఆంటన్ వాల్‌బ్రుక్, డయానా విన్యార్డ్ దంపతుల పాత్రలను ధరించిరి.

కథ విక్టోరియా రాణి కాలపు లండనులోనిది. ఆలిస్ బార్లో యను వృద్ధురాలిని ఎవడో చంపి, ఆమె కెంపులకై యిల్లంతయు గాలించి, దొరకక పారిపోవును. పెక్కేండ్లు పాడుపడియున్న ఆ యింట పాల్ మాలెన్ అనునతడు భార్యయగు బెల్లాతో కాపురము పెట్టును. అది మొదలు వస్తువులు మాయమగుచుండును. గోడమీది పటము కనబడదు; పాటకచేరిలో భర్త గడియారము ఆమె సంచిలో బయటపడును. ఆమెకు మతి చలించుచున్నదని అతడు పనివారి యెదుట సైతము చిన్నబుచ్చును.

రాత్రి అతడు వెడలిన పిదప దీపము మందగించును. మూసియున్న పై యంతస్తున అడుగుల చప్పుడు వినవచ్చును. ఆ కాలమున దీపములకు గొట్టములద్వారా గ్యాసు వచ్చెడిది. ఒకచోట క్రొత్తగా దీపము వెలిగించినచో తక్కినవాని వెలుగు కొంత తగ్గును. పాల్ పొరుగింటి దారిని పై యంతస్తున దూరి, దీపము వెలిగించి, నాడు దొరకని కెంపులను వెదకుచుండును. హంతకుడతడే. ఆమె చూచినది, విన్నది నిజమే.

అశోకవనమున రావణుడు మాయాశిరస్సును చూపి సీతాదేవిని నమ్మింపజూచిన కథ మన మెరిగినదే. నాడు దేవిని తెప్పరిల్లజేసినది సరమ పలికిన నిజము. ఇందు రఫ్ అను పూర్వపు గూఢచారి ఉద్యోగి అట్టి సరమయైనాడు. నీకు మతి చెడలేదని ఒక్కరు చెప్పుటతోనే బెల్లా లేచి నిలువగలిగెను.

1944లో అమెరికాయందు ఎం.జి.ఎం. సంస్థ ఈ కథనే మరల తీసెను. అందు నటించిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఆస్కార్ బహుమానము లభించెను. ఆ సంస్థ తొలి చిత్రపు ప్రతులను రూపుమాపజూచినను, అది ఎట్లో బ్రతికి బయటపడినది.

చిత్రము పేరు నేడు ఒక చేష్టకే పేరైనది. మనిషి తన కన్నులనే తాను నమ్మకుండునట్లు చేయుటను ‘గ్యాస్‌లైటింగ్’ అందురు. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువువారు దీనిని 2022 సంవత్సరపు పదముగ ఎన్నుకొనిరి. భార్యను ఇట్లు గుప్పిట నుంచుకొనుటను ఇంగ్లండున 2015 నాటి చట్టము నేరముగ నెంచినది. మన దేశమున 2005 నాటి గృహహింస నిరోధక చట్టము దెబ్బలనే గాక మాటలచేత, మనస్సునకు కలిగించు హింసను సైతము హింసగానే గణించినది.

సోదరీమణులారా! మరపు అందరికి నుండును. ప్రతి మరపును కుట్రయని మేము చెప్పుట లేదు. కాని మరచితివని మాటిమాటికి ఒక్కరే చెప్పుచు, ఇతరులతో మాటలాడనీయనిచో జాగ్రత్త వలయును. జరిగినదానిని తేదీతో వ్రాసికొనుడు. పుట్టినింటివారికో, నమ్మకమైన చెలికత్తెకో తెలుపుడు. పొరుగింటి పడుచు వచ్చి దీపము తగ్గుచున్నదని చెప్పినచో, నవ్వి పంపక, ఒకమారు పోయి ఆ దీపమును చూడుడు.