రెజ్యూమెలో 2020: సాలూరు లారీ చెప్పే ఉద్యోగ పాఠం

మీ టెన్త్ మెమో ఒకసారి బయటకు తీయండి. 2026లో బీటెక్ పూర్తి చేస్తున్న బ్యాచ్‌లో చాలామందికి దాని మీద 2020 అని ఉంటుంది. ఆ ఏడాది మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలే జరగలేదు. జూన్ 20న ప్రభుత్వం వాటిని రద్దు చేసి అందరినీ పాస్ చేసింది. 2021లో టెన్త్‌తో పాటు ఇంటర్ పరీక్షలు కూడా రద్దయ్యాయి. టెన్త్ గ్రేడ్లు ఆ ఏడాది ఆగస్టులో ఇంటర్నల్ మార్కుల లెక్కతో వచ్చాయి.

అందుకే క్యాంపస్ డ్రైవ్‌లో ఆ కాగితం చూడగానే హెచ్‌ఆర్ నోటి నుంచి ఒక ప్రశ్న రావచ్చు: "లాక్‌డౌన్‌లో ఏం చేశావ్?" చాలామంది "ఇంట్లోనే ఉన్నాను సార్" అని నవ్వి ఊరుకుంటారు. నిజమే, అందరం ఇంట్లోనే ఉన్నాం. కానీ ఆ రెండేళ్లలో మన ఇంట్లో, వీధిలో, ఊళ్లో పని చేసే పద్ధతే మారిపోయింది. దాన్ని దగ్గరుండి చూసినవాళ్లు మీరు. ఆ మార్పును అర్థం చేసుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. దాంతో పాటు ఏ ఉద్యోగాలకు ప్రయత్నించాలో కూడా కొంత తెలుస్తుంది. ఎలాగో చెప్పడానికి నాకు బాగా తెలిసిన ఊరినే తీసుకుంటాను. అదే సాలూరు.

లారీ ఆగితే ఊరు ఆగింది

సాలూరు అనగానే మన ఉత్తరాంధ్రలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది లారీలే. లాక్‌డౌన్ నాటికి విజయనగరం జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. విశాఖ వైపు నుంచి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వెళ్లే రోడ్డు మీద, ఘాట్ మొదలయ్యే ముందు ఉండే ఊరు ఇది. ఇక్కడ ఒక లారీ మీద ఎంతమంది బతుకుతారో లెక్కేయండి. ఓనరు, డ్రైవరు, క్లీనరు, మెకానిక్, టైర్ల షాపు, బాడీ కట్టే షెడ్డులో వడ్రంగి, వెల్డరు, పెయింటరు, ఎలక్ట్రీషియన్, లోడు ఇప్పించే బ్రోకరు, వాయిదాలు కట్టించుకునే ఫైనాన్స్ కంపెనీ, చివరికి టీ కొట్టు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. మొదట నిత్యావసర సరుకుల బండ్లకే అనుమతి. మార్చి 29న కేంద్ర హోం శాఖ ఏ సరుకైనా తీసుకెళ్లవచ్చని స్పష్టం చేసింది. కాగితం మీద చూస్తే నాలుగైదు రోజుల్లోనే లారీకి దారి దొరికినట్టే. మరి బండ్లు ఎందుకు కదల్లేదు?

ఫ్యాక్టరీ మూసి ఉంటే లోడు లేదు. లోడు దొరికినా దింపడానికి హమాలీలు లేరు. దింపినా తిరిగి రావడానికి రిటర్న్ లోడు లేదు. దారిలో ధాబా లేదు, పంక్చర్ షాపు లేదు. ఏప్రిల్ 15న వచ్చిన మార్గదర్శకాల్లో హైవేల మీద ధాబాలు, లారీ రిపేరు షాపులు తెరవొచ్చని, ఖాళీ లారీలను కూడా వదలాలని విడిగా రాయాల్సి వచ్చింది. అవి ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చాయి. దేశం మొత్తంలో ఈ-వే బిల్లులు 2020 మార్చిలో సుమారు 4 కోట్లు ఉంటే, ఏప్రిల్‌లో 90 లక్షల లోపే. అంటే నాలుగో వంతు కూడా లేదు.

ఇక్కడ మీకు పనికొచ్చే మొదటి పాఠం ఉంది. ఏ పనైనా ఒక గొలుసు. ఒక్క కొక్కెం ఊడితే మిగతాదంతా నిలబడిపోతుంది. ఇంటర్వ్యూలో "సప్లై చైన్ అంటే ఏంటి?" అని అడిగితే పుస్తకంలో నిర్వచనం అప్పజెప్పకండి. పంక్చర్ షాపు మూస్తే సరుకు ఎందుకు ఆగిందో చెప్పండి. మీకు విషయం అర్థమైందని అవతలివాళ్లకు తెలిసిపోతుంది.

బండి నిలబడినా వడ్డీ తిరిగింది

2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు టర్మ్ లోన్ల వాయిదాల మీద మూడు నెలల మారటోరియం ప్రకటించింది. తర్వాత దాన్ని ఆగస్టు 31 వరకు పొడిగించింది. చాలామంది దీన్ని మాఫీ అనుకున్నారు. అది వాయిదా వేయడమే. అసలు మీద వడ్డీ పడుతూనే ఉంది. లారీ ఇంటి ముందు కదలకుండా ఉంటే వడ్డీ మాత్రం నెలనెలా నడిచింది. బండ్లు మళ్లీ కదిలే సమయానికి జూన్ 7 నుంచి డీజిల్ ధర రోజూ పెరగడం మొదలైంది. జూన్ 24న ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోలును కూడా దాటింది. కిరాయి అంత వేగంగా పెరగదు కదా.

ఇది లారీ ఓనర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఎడ్యుకేషన్ లోన్ కూడా టర్మ్ లోనే. చదువు అయ్యాక వాయిదాలు ఎప్పుడు మొదలవుతాయి, చదువుతున్నంత కాలం వడ్డీ ఎలా లెక్కేస్తారు అనే రెండు విషయాలు ఫైనల్ ఇయర్‌లోనే బ్యాంకులో అడిగి తెలుసుకోండి. చేతికి వచ్చిన మొదటి ఆఫర్ తీసుకోవాలా, ఇంకో ఆరు నెలలు ఆగాలా అన్నది చాలా ఇళ్లలో ఈ లెక్క మీదే తేలుతుంది.

ఊరికి తిరిగొచ్చినవాళ్లు

ఉత్తరాంధ్రకు వలస కొత్త కాదు. కానీ వెళ్లినవాళ్లంతా ఒకేసారి తిరిగి రావడం అప్పుడే చూశాం. గుజరాత్‌లోని వెరావల్ వద్ద చిక్కుకుపోయిన మన మత్స్యకారులు వేల మందిని ఏప్రిల్ చివర్లో బస్సుల్లో బయలుదేరదీసి తీసుకొచ్చారు. వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లే. మే 1న తెలంగాణలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలింది. ఊళ్లకు చేరినవాళ్లకు ఆదుకున్నది ఉపాధి హామీ పని. కేంద్రం ఆ పథకానికి మే 17న అదనంగా 40 వేల కోట్ల రూపాయలు ప్రకటించింది. అప్పుడు మన రాష్ట్రంలో రోజు కూలి రేటు 237 రూపాయలు. డిగ్రీ చదివినవాళ్లు కూడా గునపం పట్టారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీరు ఆ పని చేసి ఉంటే దాచుకోకండి, ధైర్యంగా చెప్పండి.

ఇంకోవైపు హైదరాబాద్, బెంగళూరు నుంచి ఐటీ ఉద్యోగులు లాప్‌టాప్‌తో సొంతూరు చేరారు. 2025 నాటికి ఆఫీసుకు రావాల్సిన అవసరం 25 శాతం మందికే ఉంటుందని టీసీఎస్ 2020లో ప్రకటించింది. ఇక జీవితాంతం ఇంటి నుంచే ఉద్యోగం అని చాలామంది అనుకున్నారు. 2023 అక్టోబరుకు వచ్చేసరికి అదే కంపెనీ ఉద్యోగులను వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది.

నాది 2020 బీటెక్ బ్యాచ్. చివరి సెమిస్టరు ఫోన్ తెర మీద అయిపోయింది. చేతిలో ఆఫర్ లెటర్ ఉన్నా ఆ కంపెనీ నెలల తరబడి జాయినింగ్ తేదీ ఇవ్వలేదు. ఆ అనుభవంతో చెప్తున్నాను: ఆఫర్ లెటర్ వచ్చాక కూడా నేర్చుకోవడం, అప్లై చేయడం ఆపకండి. వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికితే మంచిదే, దాన్నే నమ్ముకుని కెరీర్ ప్లాన్ చేసుకోవద్దు.

కాగితం ఫోన్‌లోకి ఎక్కింది

లాక్‌డౌన్ సడలించాక సాలూరులో లారీలు మళ్లీ తిరిగాయి. కానీ క్యాబిన్‌లోని కాగితాల సంచి మునుపటిలా లేదు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి నేషనల్ హైవే టోల్ గేట్ల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరైంది. ఈ-వే బిల్లు గడువు అప్పటిదాకా రోజుకు 100 కిలోమీటర్ల లెక్కన ఉండేది. 2021 జనవరి 1 నుంచి 200 కిలోమీటర్లయింది. అంటే బండి దారిలో చెడిపోతే గడువు దాటిపోకుండా చూసుకునే మనిషి ఆఫీసులో ఉండాలి. 2020 అక్టోబరులో పెద్ద కంపెనీలతో మొదలైన ఈ-ఇన్వాయిస్, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాల దాకా వచ్చింది. దేశంలో యూపీఐ లావాదేవీలు 2020 ఏప్రిల్‌లో 100 కోట్లకు కాస్త తక్కువ. అదే ఏడాది అక్టోబరులో 200 కోట్లు దాటాయి.

ఈ అంకెలు మీ కంటికి కనిపించిన పనులే. టీ కొట్టు ముందు క్యూఆర్ కోడ్ అతికించింది, నాన్న ఫాస్టాగ్‌కు రీఛార్జ్ చేసింది, 2021లో పక్కింటివాళ్లకు కోవిన్‌లో టీకా స్లాట్ బుక్ చేసింది ఎవరు? చాలా ఇళ్లలో మీ వయసు పిల్లలే. సిగ్నల్ సరిగా అందని కొండ ఊళ్లలో ఒక్క ఫోనుతో నలుగురు కూర్చుని పాఠం విన్నవాళ్లూ ఉన్నారు. దూరదర్శన్ సప్తగిరిలో టెన్త్ క్లాసులు విన్నవాళ్లూ ఉన్నారు.

మరి ఉద్యోగాలు ఎక్కడ?

సాలూరు లాంటి ఊళ్లలో బండి, సరుకు, మనిషి అలాగే ఉన్నారు. వాటిని తెరతో కలిపే పని మాత్రం పెరిగింది. మీ కోర్సును బట్టి ఇలా చూడండి.

బీకామ్, బీబీఏ: ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో, రైస్ మిల్లుల్లో, డీలర్ల దగ్గర జీఎస్టీ, ఈ-వే బిల్లు, ఈ-ఇన్వాయిస్, ట్యాలీ తెలిసినవాళ్లు కావాలి. ఈ నాలుగూ రెండు మూడు నెలల్లో చేతికొస్తాయి. ఆడిటర్ ఆఫీసులో కొన్నాళ్లు పని చేస్తే ఇంకా మంచిది.

మెకానికల్, ఆటోమొబైల్, ఐటీఐ, డిప్లొమా: 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లే అమ్మాలన్న నిబంధన వచ్చింది. ఈ లారీ ఇంజన్ నిండా సెన్సార్లు. పొగను శుద్ధి చేయడానికి డ్రైవర్లు 'యూరియా' అని పిలిచే ద్రావణం పోయాలి. లోపం ఎక్కడుందో స్కానర్ పెట్టి చదవాలి. చెవితో ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పే పాత మేస్త్రి అనుభవానికి, మీ స్కానర్ చదువు తోడైతే తిరుగులేదు. కంపెనీ సర్వీస్ సెంటర్లలో అప్రెంటిస్‌గా చేరే దారి చూడండి.

సీఎస్ఈ, ఐటీ, ఎంసీఏ: లాగిన్ పేజీ, లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ లాంటి ప్రాజెక్టులు హెచ్‌ఆర్‌లు చూసి చూసి విసిగిపోయారు. ఐదు లారీలున్న ఓనరుకి పర్మిట్, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ గడువులు గుర్తు చేసే చిన్న యాప్ చేయండి. కరోనాలో పర్మిట్, ఎఫ్‌సీల గడువును కేంద్రం పలుమార్లు పెంచుతూ 2021 అక్టోబరు 31 దాకా తీసుకొచ్చింది. ఏ తేదీ చెల్లుతుందో తెలియక ఎంత తికమకపడ్డామో గుర్తుందా? నిజమైన సమస్యకు కట్టిన చిన్న ప్రాజెక్టు, పెద్ద పేరున్న కాపీ ప్రాజెక్టు కంటే బలంగా నిలబడుతుంది.

ఏ డిగ్రీ అయినా: లాజిస్టిక్స్ వైపు చూడండి. 2022 సెప్టెంబరు 17న కేంద్రం జాతీయ లాజిస్టిక్స్ విధానం తెచ్చింది. ఈ రంగం చదువుల కోసం వడోదరలో గతిశక్తి విశ్వవిద్యాలయం ఉంది. రాయ్‌పూర్-విశాఖ ఆరు వరసల గ్రీన్‌ఫీల్డ్ హైవే కూడా సాలూరు ప్రాంతం మీదుగానే పోతోంది. గోదాములు, డిస్పాచ్, బండ్ల ట్రాకింగ్ పనులు మన వాకిట్లోకి వచ్చే అవకాశం ఉంది. తెలుగుతో పాటు హిందీ, ఒడియా రెండు ముక్కలు మాట్లాడగలిగితే మీకు అదనపు బలం.

హెచ్‌ఆర్ అడిగితే ఇలా

"ఆన్‌లైన్ క్లాసులు విన్నాను, కొత్త స్కిల్స్ నేర్చుకున్నాను." ఈ జవాబు వందమందీ చెప్తారు.

"సార్, మా నాన్నగారు లారీ డ్రైవర్. ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక అకౌంట్ నేనే చూసేవాణ్ని. ఒకే గేటులో రెండుసార్లు డబ్బులు కట్ అయితే ఫిర్యాదు పెట్టి వెనక్కి తెప్పించాను. ఆ తర్వాత ప్రతి ట్రిప్పుకీ ఖర్చు ఎక్సెల్‌లో రాయడం మొదలుపెట్టాను." ఈ జవాబు మాత్రం గుర్తుండిపోతుంది. ఇందులో సమస్య ఉంది, మీరు చేసిన పని ఉంది, ఫలితం ఉంది.

ఒక జాగ్రత్త. జరగనిది కల్పించి చెప్పకండి. "ఫిర్యాదు ఎక్కడ పెట్టావ్? ఎన్ని రోజులు పట్టింది?" అని రెండు ప్రశ్నలు వేస్తే దొరికిపోతారు. మీరు చేసింది చిన్న పనే అయినా వివరం నిజమైతే చాలు.

ఈ వారమే చేయండి

- 2020, 2021ల్లో మీ ఇంట్లో ఆదాయం ఎలా మారింది, ఏ పని ఫోన్‌లోకి వచ్చింది, అందులో మీ చేయి ఎంత? అమ్మానాన్నలను అడిగి అర పేజీ రాయండి.

- అందులోంచి ఒక్క సంఘటన ఎంచుకుని, రెండు నిమిషాల్లో చెప్పేలా తెలుగులో, ఇంగ్లిష్‌లో ప్రాక్టీస్ చేయండి.

- టెన్త్, ఇంటర్ మార్కులు రెజ్యూమెలో మెమోలో ఉన్నవి ఉన్నట్టే రాయండి. గ్రేడు ఉంటే గ్రేడే రాయండి. అప్లికేషన్‌లో పర్సంటేజీ అడిగితే ఆ కంపెనీ ఇచ్చిన సూచనలు చదివాకే నింపండి.

- మీ ఊళ్లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకో, మిల్లుకో, షెడ్డుకో వెళ్లి "మీకు రోజూ తలనొప్పి తెచ్చే పని ఏది?" అని అడగండి. మీ తర్వాతి ప్రాజెక్టు అక్కడే దొరకొచ్చు.