మీకు తెలుసా? ఆకారం మారితే పీల్చుకునే కాంతీ మారుతుంది!

ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. వాటిని పట్టుకునే పదార్థం మన ఫోన్ల టచ్‌స్క్రీన్లలోనే ఉంది: తగరం కలిపిన ఇండియం ఆక్సైడ్.

• దీన్ని నానోస్ఫటికాలుగా చేస్తే, లోపలి స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతి తాకగానే ఒక్కుమ్మడిగా ఊగి పరారుణాన్ని పీల్చుకుంటాయి. మామూలు వెలుతురును వదిలేస్తాయి.

• గుండ్రటి స్ఫటికం ప్రధానంగా ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా పీలుస్తుంది. ఘనాకార స్ఫటికంలో మూలలు, అంచుల దగ్గర విద్యుత్ క్షేత్రం పోగుపడి, పలు తరంగదైర్ఘ్యాల దగ్గర పీలుస్తుంది.

• అమెరికాలో శాస్త్రవేత్త డీలియా మిల్లిరాన్ బృందం ఇలాంటి ఆక్సైడ్ నానోస్ఫటికాల్లో ఈ తేడాను చూపింది.

• వెలుతురును రానిస్తూ వేడిని ఆపే కిటికీ అద్దాలకు ఈ జ్ఞానమే దారి.