పైసలు ఎటు పోతున్నయి?



పొద్దంతా కూలి చేస్తాం. పైసలు చేతికి వస్తాయి. అంగడికి పోయి వచ్చేసరికి చెయ్యి ఖాళీ అవుతుంది. "ఎటు పోయినయో తెలుస్తలేదు" అంటాం.

కుల్కచర్లలో మా చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క కూడా ఇట్లనే అన్నది. "అక్షరాలు వచ్చినయి కద అక్కా, రాసి చూద్దాం" అన్నాను. కొడుకు పాత నోటుబుక్కులో ఆమె నెల రోజులు రాసింది. ఒక్క ఖర్చు మాత్రం రాయలేదు. "కల్లు పైసలు రాస్తే ఆయన చూసి లొల్లి చేస్తడు బిడ్డా" అన్నది. అది రాయకపోతే లెక్క కుదరదు. రెండు రోజులు ఆలోచించి రాసింది.

ఆ లెక్క ఇది:

ఇద్దరి కూలి: 9,000 రూపాయలు

ఖర్చులు:
కిరాణం: 3,000
కూరగాయలు, పాలు: 1,500
పిల్లల చదువు: 800
మందులు: 500
కరెంటు, గ్యాస్, ఫోను: 1,000
అప్పు మిత్తి: 600
కల్లు, బీడీలు, చాయ: 1,500
పండుగలు, పెళ్లిళ్లు: 500
మొత్తం: 9,400

వచ్చింది 9,000. పోయింది 9,400. తక్కువ పడింది 400. ఆ 400 ఉద్దెర అయింది. ప్రతి నెలా ఇట్లనే అయితే ఏడాదికి 4,800 రూపాయల అప్పు పెరుగుతుంది.

ఇప్పుడు మిత్తి చూడండి. ఆమె అప్పు 20,000. నూటికి నెలకు 3 రూపాయల మిత్తి. అంటే నెలకు 600. అదే అప్పు మహిళా సంఘంలో నూటికి రూపాయి మిత్తికి దొరికితే నెలకు 200 చాలు. మిగిలేది 400. తక్కువ పడింది కూడా 400 కదా! తిండి తగ్గించకుండానే ఇల్లు సరిపోయింది.

ఇంకో మాట. మన తాండూరు కందులకు మంచి పేరు. 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ పంట రాగానే కందులన్నీ అమ్ముతాం. తర్వాత దుకాణంలో పప్పు ఎక్కువ ధరకు కొంటాం. ఇంటికి సరిపోయే కందులు ముందే పక్కన పెట్టుకోవాలి. నూనె, సబ్బులు చిన్న పాకెట్లలో రోజూ కొంటే ధర ఎక్కువ పడుతుంది. నెలకు ఒకేసారి కొనడం మేలు.

పొదుపు అంటే కడుపు మాడ్చుకోవడం కాదు. ఇంట్లో ఖర్చు తగ్గించాలంటే ముందుగా తగ్గేది ఆడవాళ్ల పళ్లెమే. అది తప్పు. పిల్లల పాలు, బాలింత తిండి, మందులు తగ్గించకూడదు. ఒంట్లో బలం లేకపోతే కూలికి పోలేం. దవాఖాన ఖర్చు మీద పడుతుంది.

ఇది మనతో మొదలైన పని కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఎదిరించారు. ఉద్యమం ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున సంఘాలలో దాచుకున్నారు. ఒక్కరి రూపాయి చిన్నది. పదిమంది కలిసి రోజూ దాస్తే నెలకు 300, ఏడాదికి 3,600 పైన అవుతుంది.

మన అక్క ఆ లెక్కను ఇంట్లో చదివి వినిపించింది. ఆయన కోపం చేసుకున్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నోటుబుక్కు అడిగి, కొడుకుతో మళ్లీ చదివించుకున్నాడు. మరుసటి నెల ఆ వరుసలో 1,500 బదులు 900 ఉన్నది. పూర్తిగా పోలేదు. కానీ తగ్గింది.

మీరు చేయండి:
1. ఈ రోజు ఖర్చు ఈ రాత్రే రాయండి.
2. మీ అప్పుకు నూటికి ఎంత మిత్తి? నెలకు ఎంత అవుతుంది?
3. మీరు రాయడానికి వెనుకాడే ఖర్చు ఏది? దాన్ని కూడా రాయండి.