గొలుసులు తెంచిన కోడి రామ్మూర్తి

మహారాష్ట్రలో ఉంటూ కుస్తీ మాటెత్తితే ఖాషాబా జాధవ్ గుర్తుకు రాక మానరు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చినాయన మరి! ఇంట్లో తెలుగు మాట్లాడే సిరోంచ పిల్లలకు మాత్రం కోడి రామ్మూర్తి నాయుడి ముచ్చట కూడా చెప్పాలె.

1882లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో కుస్తీ నేర్చి, వ్యాయామ పంతులుగా చేసి, సర్కస్‌తో ఊరూరా తిరిగారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచేవారు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకునేవారు. అదీ శాకాహారంతోనే! లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి మెచ్చి ‘ఇండియన్ హెర్క్యులస్’ అన్నారు.

అంతటి మల్లుణ్ని కాలి మీద లేచిన పుండు పడగొట్టింది. కాలు తీసేయక తప్పలేదు. ప్రదర్శనలు ఆగిపోయాయి. చివరి రోజులు ఒడిశాలోని బలంగీర్‌లో, సంస్థానం ఆదరణలో గడిచాయి. 1942లో అక్కడే కన్నుమూశారు.